పింగాణి పెంకు

కాశీనాథ్ హైదరాబాదులో నాలుగేళ్లు చదివి ఆర్మూరుకు తిరిగొచ్చేటప్పుడు ఒక తోలు పెట్టె, రెండు జతల బూట్లు, ఒక మాట వెంట తెచ్చుకున్నాడు. పెట్టెను ఎలుకలు కొరికాయి. బూట్లు మా పసుపు మడుల బురదలో నాని నోళ్లు తెరిచాయి. మాట మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని వాడటానికి వంగాల్సిన పని లేదు, ఎత్తాల్సిన బరువు లేదు, ఇక ఎట్లా చెడుతుంది.

ఆ మాట లెసే ఫేర్. ఫ్రెంచి దేశం వాళ్లదట. నేను పలక మీద అక్షరాలు దిద్దానే గాని రెండో పుస్తకం ముఖం చూడలేదు. అయినా ఆయన తిరిగొచ్చాక ఆ మాట ఎన్నిసార్లు విన్నానంటే, ఇప్పటికీ ఎవరైనా చేతులు కట్టుకుని నిలబడితే చాలు, అదే నా చెవిలో మోగుతుంది.

కాశీనాథ్ తండ్రి లక్ష్మీనర్సయ్య సేటుది పసుపు మండీ. చుట్టుపక్కల రైతులంతా పసుపు తెచ్చి ఆయన అరుగు మీదే పోసేవాళ్లు. ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయాక మండీ కొడుకు చేతికి వచ్చింది. వచ్చిన మొదటి వారమే కొడుకు రైతులందరినీ కూర్చోబెట్టి ఆ మాటకు అర్థం చెప్పాడు. నేనూ మా అత్త మంగవ్వా వెనక వరసలో ఉన్నాం.

"చేసెటోన్ని చెయ్యనియ్యాలె," అన్నాడు కాశీనాథ్. "నడుమ సర్కారు చెయ్యి పెట్టొద్దు, పెద్దమనుషులు చెయ్యి పెట్టొద్దు. ఎవలి మంచి వాళ్లు చూస్కుంటే అందరికి మంచిగైతది. ఫ్రెంచోళ్లు గిట్లనే బాగుపడ్డరు."

మా అత్త ముక్కుపుడక సర్దుకుంటూ అడిగింది. "గీ ముచ్చట నేర్చుకోనీకె హైదరాబాద్ దాంక పోయినవా బిడ్డా? మా ఇంటాయన బతికినన్ని దినాలు గదే చేసిండు, గడంచె మీద పండుకొని. ఆయనకు ఫ్రెంచి గూడ రాకపాయె."

మండీ అంతా నవ్వింది. కాశీనాథ్ కూడా నవ్వాడు, చదువుకున్నవాళ్లు నవ్వినట్టు, పళ్లు కనపడకుండా.

తర్వాత ఆ మాట ఎక్కడెక్కడ వాడాడో చెప్తాను. మండీ ముందు మోరీ నిండి మురికి దారి మీద పారితే లెసే ఫేర్, నీళ్ల దారి నీళ్లే చూసుకుంటాయి. బస్తాలు మోసే మనిషి కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంటే లెసే ఫేర్, మొయ్యమని ఎవరూ బలవంతం చేయలేదు. పప్పులో ఉప్పు తక్కువైతే మాత్రం ఆ మాట రాలేదు. ఆయన భార్య తారాబాయి నాతో అన్నది, "వంటింట్లకు వచ్చి డబ్బాలన్ని తెరిచి చూసిండు భీమవ్వా. గాడ మస్తు చెయ్యి పెట్టిండు."

మా భూమి మీద కూడా ఆయన చెయ్యి గట్టిగానే ఉండేది. మేం దున్నేది వాళ్ల భూమి, అరెకరం. మా మామ పోయాడు. మా ఆయన బొంబాయి మిల్లులో ఉన్నాడు. ఇంట్లో అత్తా నేనూ ఇద్దరమే. దుంప నాటే రోజునే కాశీనాథ్ గట్టు మీద నిలబడి చెప్పాడు.

"ఇద్దరాడోళ్లతోని పసుపైతదా మంగవ్వా? గీ ఒక్క యేడు చూస్త. పసుపు మంచిగ ఎల్లిందా, చేను నీదే. పాడైందా, భూమేశ్వర్ మనిషికి ఇస్త."

భూమేశ్వర్ అంటే బాల్కొండ తోవలోని ఒక ఊళ్లో పెద్ద రైతు. నాలుగు బండ్లు, ఇరవై మంది జీతగాళ్లు, చెవుల మీద వెంట్రుకలు. మా తిండీ మా గుడ్డా అన్నీ ఆ అరెకరంలోనే ఉన్నాయి. తొమ్మిది నెలలు నేను కలుపు తీసిన చేతులతోనే అన్నం తిన్నాను. ఎంత కడిగినా గోళ్లలో పసుపు పోలేదు.

ఇక కడాయిల సంగతి చెప్పాలి, అది తెలియకపోతే మిగతాది తెలియదు.

పసుపు తవ్వగానే అయిపోదు. తవ్విన గడ్డను ఉడికించాలి, ఆ తర్వాత ఎండబెట్టాలి. తవ్వి వారం దాటితే కుప్ప లోపల వేడెక్కి, గడ్డ మెత్తబడి, కుళ్లు వాసన వస్తుంది. ఉడికించడానికి పెద్ద ఇనుప కడాయి కావాలి, ఆరుగురు పట్టి ఎత్తేంత. అట్లాంటివి మా వైపు రెండే ఉండేవి, కాశీనాథ్ తాత పోతపోయించినవి. యుద్ధం నడుస్తున్న రోజులు. కొత్త కడాయి మాట అటుంచండి, తలుపుకు మేకు కావాలన్నా నిజామాబాదులో తెలిసినవాడు ఉండాలి. అందుకని ఆ రెండు కడాయిలే చేను నుంచి చేనుకు వంతు మీద తిరిగేవి.

వంతు చూసేది హనుమాన్లు తాత, మండీలో పాత పనివాడు. ఆయన పద్ధతి ఇదీ. ప్రతి ఇంటివాళ్లూ తమ ఇంట్లో పగిలిన కుండ ముక్క ఒకటి తెచ్చి ఇవ్వాలి. ఎవరి పెంకు ఏదో ఆయనకు తెలుసు. మా పెంకు అంచున మసి ఉండేది, పక్కింటి వెంకవ్వది ఎర్రది, మందం. మండీ గోడలో ఒక గూడు ఉండేది. అందులో పెంకులను వరసగా పేర్చేవాడు. ఇంట్లో చేతులు తక్కువున్న వాళ్ల పెంకు ముందుకు జరిపేవాడు, జబ్బుపడ్డ వాళ్లది ఇంకా ముందుకు. తన పెంకు వరసలో రెండోది అయిందని చూసుకున్నాకే ఎవరైనా గునపం పట్టేవాళ్లు. నాలుగు రోజుల్లో తవ్వకం ముగిసేసరికి కడాయి గట్టు దగ్గరికి వచ్చేది. నేను కాపురానికి రాకముందు నుంచీ అంతే. ఒక్క గడ్డ కుళ్లింది లేదు.

ఆ యేడు శివరాత్రి ముందు మా పెంకు రెండోదైంది. మేం తవ్వాం. మూడో రోజు సాయంత్రం తాత మా చేను దగ్గరికి వచ్చాడు. ఒడిలో చెత్త మూట కట్టుకుని ఉన్నాడు.

"గూట్ల పెంకులు లెవ్వు మంగవ్వా," అన్నాడు. "సేటు ఊడిపిచ్చిండు. సున్నం ఏపిచ్చి గాడ బల్ల గడియారం పెట్టిచ్చిండు. అడిగితే, 'తాతా, ఇగ నీకు ఆరాం, ఎవలికి చాతనైతే వాళ్లు కడాయి తీస్కపోతరు' అన్నడు. చాతగానోళ్ల సంగతేంది అన్న. 'చాతనయ్యేటట్టు చేస్కుంటరు' అన్నడు."

ఒడి విప్పితే ఊడ్చిన చెత్తలో నుంచి ఏరుకొచ్చిన పెంకులు. మసి అంచుది పైనే ఉంది.

మర్నాడు పొద్దున్నే భూమేశ్వర్ బండ్లు వచ్చాయి. ఒకటి కాదు, రెండు కడాయిలూ ఎక్కించుకుని పోయాయి. ఆయనది పాతికెకరాల పసుపు. ఎన్ని రోజులకు తిరిగిస్తావని అడిగినవాడు లేడు. అడిగేవాణ్ని ఊడ్చేశారు కదా.

మా అత్త మండీకి నడిచింది, నేను వెనకే. కాశీనాథ్ చాయ్ తాగుతున్నాడు, హైదరాబాదు నుంచి తెప్పించుకున్న నీలిపూల కప్పూ సాసరూ. సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ విన్నాడు.

"సేటూ, నా గడ్డ తవ్వి మూడొద్దులాయె. ఒక కడాయి ఇప్పియ్యి. రెండొద్దులల్ల ఇచ్చేస్త."

"నేను నడుమ చెయ్యి పెడితే నేను పెట్టుకున్న ఉసూల్ తప్పినట్టైతది మంగవ్వా."

"కడాయి నీది గాదా?"

"నాదే."

"మరి భూమేశ్వర్‌కు నువ్వే ఇచ్చినవా?"

"నేనియ్యలే. ఆయన తీస్కపోయిండు. నేను వద్దనలే."

"నేను గూడ తెచ్చుకుంట మరి."

"తెచ్చుకో. నిన్ను మాత్రం ఎవలు వద్దన్నరు." సాసర్ ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. "గదే లెసే ఫేర్. నీకు గూడ గంతే హక్కు, భూమేశ్వర్‌కు గూడ గంతే."

ఆరుగురు ఎత్తే కడాయి. మేం ఇద్దరు ఆడవాళ్లం. ఎనిమిది మైళ్ల దూరం. అంత హక్కు ఇచ్చాడు మాకు, పెద్ద మనసుతో.

ఆయనకేం దిగులు. ఆ వారమే తన సొంత చేను ఆరెకరాలూ ఒకేసారి తవ్వించాడు. వంతు లేదు కాబట్టి ఎదురుచూడక్కర్లేదు, కడాయిలు తనవే కాబట్టి అడగగానే వస్తాయి, ఇదీ లెక్క. నలభై మంది కూలీలు తవ్వి ఇంటి ఎత్తు కుప్ప పోశారు.

కడాయిలు పోయిన నాలుగో రోజు నేను మా కుప్పలో చెయ్యి పెడితే జ్వరం వచ్చిన ఒంటిలా కాలింది. పైన కప్పిన ఆకు తీసి గాలి తగిలేట్టు పరిచాను. అత్త ఒక గడ్డ విరిచి వాసన చూసి ఇంటికి నడిచింది. స్నానం చేస్తే ఒంటిమీద దుమ్ము పోతుందని నేను కాగు కింద మంట పెట్టాను. కాగు అంటే నీళ్లు కాచుకునే పెద్ద రాగి బిందె, ప్రతి ఇంట్లో పొయ్యి మీద కదలకుండా ఉండేది. అత్త గుమ్మంలో కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"భీమవ్వా, గీ కాగుల ఎన్ని గంపల గడ్డ పడ్తదే?"

"నీళ్ల కాగుల గడ్డా, అత్తమ్మా?"

"అడిగింది చెప్పు."

"గంప నిండ పడ్తది."

"పొయ్యి ఆర్పు. కాగు దించు."

నేను పొయ్యి ఆర్పాను గాని కాగు మీద చెయ్యి వేయలేదు. మా వాడలో పొయ్యి మీది కాగు గడప దాటడమంటే ఆ ఇల్లు ఖాళీ అయినట్టే. ఊరు విడిచిపోయేవాళ్లు, ఇంట్లో మనిషి పోయి అన్నీ అమ్ముకునేవాళ్లు, వాళ్లే కాగు బయటికి తెస్తారు. పెళ్లినాడు పొయ్యి మీద పెట్టిన కాగు అది. అందుకే ఇన్నేళ్లలో ఆ ఆలోచన ఎవరికీ రాలేదు. కాగు ఒక గిన్నె అనే సంగతే మరిచిపోయాం.

అత్త చీర కుచ్చిళ్లు దోపుకుని తనే దించి, నెత్తిన పెట్టుకుని వీధిలోకి వచ్చింది. వెంకవ్వ తన గుమ్మంలో నిలబడి నోట్లోని పొగాకు ఉమ్మేసింది.

"ఏందే మంగవ్వా, ఇల్లు లేపుతున్నవా?"

"లేపుతలేను. నిలబెడుతున్న. నీది గూడ తియ్యి."

"నాదెందుకే, నేనేమన్న సచ్చిన్నా?"

"నీ గడ్డ ఎల్లుండి తవ్వాల్నా వద్దా? దేంట్ల ఉడకబెడుతవ్, నీ పెనిమిటి తలపాగలనా?"

వెంకవ్వ కాసేపు ఆలోచించింది. తన మగడి తలపాగా గురించో, కాగు గురించో నాకు తెలియదు. లోపలికి పోయి మంట ఆర్పిన చప్పుడు వినిపించింది. ఆమె తెస్తే ఎదురింటివాళ్లు తెచ్చారు. చీకటి పడకముందే మా గట్టు మీద పదకొండు కాగులు, కింద మూడేసి రాళ్లు. కొందరి కళ్లలో నీళ్లున్నాయి. ఒకామె తన కాగుకు బొట్టు పెట్టి తెచ్చింది.

హనుమాన్లు తాత ఒడిలోని పెంకులు తీసి గట్టు మీద వరస పేర్చాడు. మాది మొదటిది, వెంకవ్వది రెండోది, ఆ వెనక ఇంకో మూడిళ్లు. అప్పుడు తెలిసింది నాకు, ఆయన తలలో ఆ వరస ఒక్క రోజు కూడా చెదరలేదని.

తెల్లవారగానే మంటలు పెట్టాం. గడ్డ నింపి, మునిగేదాకా నీళ్లు పోసి, పైన పసుపు ఆకే కప్పి, ఎండు ఆకే కింద మంట. నురుగు పొంగి, వాసన మారి, చీపురు పుల్ల గుచ్చితే దిగిపోవాలి, అప్పుడు దించాలి. కడాయిలో అడుగుది చితికేది, పైది పచ్చిగా ఉండేది. కాగు చిన్నది కదా, అంతా ఒకే తీరుగా ఉడికింది. రెండు పగళ్లలో మా కుప్ప మొత్తం పరుపుబండ మీద ఎండకు చేరింది. నా కనుబొమ్మలు కాలిపోయాయి. నేను పట్టించుకోలేదు.

మూడోనాడు వెంకవ్వ వంతు నడుస్తుండగా కాశీనాథ్ బండి తోలే నడిపయ్య అటు వచ్చాడు. రెండు రోజుల కింద భూమేశ్వర్ దగ్గరికి ఖాళీ బండితో పోయి, ఖాళీ బండితోనే వచ్చాడట. నీళ్లు తాగి, మంట దగ్గర కూర్చుని చెప్పాడు.

"ఒక కడాయన్న ఇయ్యుమని సేటు పంపిండు అన్న. భూమేశ్వర్ పటేల్ నవ్విండు. 'మీ సేటు మాటనే నేను పట్టుకున్న, నడుమ చెయ్యి పెట్టొద్దని చెప్పుపో' అన్నడు. గది సేటు కడాయి గదా పటేలా అన్న. 'అవు, సేటుదే. అండ్ల ఉడికెటిది నాది' అన్నడు."

"మరి మీ సేటు ఏమన్నడు?" అత్త అడిగింది.

"ఏమంటడు. తహసీలుకు పోయి అర్జీ పెట్టిండు."

సర్కారు నడుమ చెయ్యి పెట్టొద్దన్న మనిషి, సర్కారు చెయ్యి కోసం రెండు పూటలు కచేరీ అరుగు మీద కూర్చున్నాడు. పండుగ వెళ్లాక చూస్తామన్నారు. కచేరీవాళ్లకు ఆ ఫ్రెంచి మాట ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ సాయంత్రం ఆయనే వచ్చాడు. బూట్లతో గట్టెక్కలేక కిందే నిలబడ్డాడు. తన కుప్ప నుంచి కుళ్లు వాసన దారి దాకా వస్తోంది.

"మంగవ్వా, గీ కాగులన్ని నా చేను కాడికి పంపు. నా మనుషులు మోస్తరు."

"కాగులు నావి గావు సేటూ."

"భూమి నాది, యాదికుందా?"

"యాదికుంది. భూమి నీది, కాగులు వాళ్లయి, వంతు తాతది. పెంకు తెచ్చినవా?"

"పెంకేంది?"

"నీ ఇంట్ల పగిలిన కుండ ముక్క. అందరు తెచ్చిన్రు."

కాశీనాథ్ ముఖం చిట్లించాడు. "మా ఇంట్ల కుండలు లెవ్వు."

మంట దగ్గరున్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని కొంగులు నోట్లో కుక్కుకున్నారు. హనుమాన్లు తాత మాత్రం నవ్వలేదు.

"పెంకు లేకుంట ఎట్ల పెడుదు సేటూ," అన్నాడు. "నువ్వు గూడు కడిగిపిచ్చినవు గాని నా తలకాయ కడిగిపియ్యలే. ఎవలి ఎనుక ఎవలో నాకు ఎరుకే."

"ఊరందరికి కడాయిలిచ్చిన ఇల్లు మాది."

"ఇచ్చినోడు మీ తాత. ఆయన పెంకు గూడ గా వరుసల్నే ఉంటుండె. అడుగుపో మీ నాయినను."

కాశీనాథ్ ఇంకేమో అనబోయి, అక్కడ వినేవాళ్లెవరూ లేరని చూసి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున తారాబాయి ఒక్కతే నడిచి వచ్చింది. మా దిక్కు ఆమె కాలు పెట్టడం అదే మొదటిసారి. కొంగు కింద నుంచి ఒక ముక్క తీసి తాత చేతిలో పెట్టింది. తెల్లటి పింగాణి, దాని మీద సగం నీలిపువ్వు.

"గిది పనికొస్తదా తాతా?"

"పనికొస్తది బిడ్డా. ఎప్పుడు పగిలింది?"

"పగులలే. పగులగొట్టిన."

మా అత్త పుల్లలు ఎగదోస్తూ అడిగింది. "సేటుకు ఎరుకేనా?"

"ఎదురుంగనే కూసున్నడు. వద్దనలే."

వెంకవ్వ నవ్వి నవ్వి కాగు పొంగించుకుంది.

తాత ఆ ముక్కను ముందుకూ పెట్టలేదు, దూరంగానూ విసరలేదు. ఐదు మట్టి పెంకుల వెనక ఆరోదిగా పెట్టాడు. ఇంట్లో చేతులు ఎక్కువున్నవాళ్లు కదా, జరపాల్సిన అవసరం లేదు. దాని వంతు ఆరు రోజులకు వచ్చింది. అప్పటికి ఆరెకరాల కుప్పలో సగం కుళ్లి ముద్దగా జారిపోయింది. మిగిలిన సగం పదకొండు కాగుల్లో గంప గంపగా ఉడికింది. ఇంటి మనిషి ఒకరు మంట దగ్గర కూర్చోవాలని తాత నియమం. కాశీనాథ్ ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. చీపురు పుల్ల పట్టుకోవడం రాలేదు, తారాబాయి నేర్పింది.

కడాయిలు పదిహేను రోజులకు తిరిగొచ్చాయి. ఒకదాని చెవి విరిగిపోయి ఉంది. ఎవరు విరిచారని కాశీనాథ్ అడగలేదు. అదొక్కటే ఆయన తన మాట మీద నిలబడ్డ సందర్భం.

ఎండబెట్టి, గోనెపట్టా మీద రాకి మెరుగుపెట్టాక మా పసుపు మండీకి తెచ్చాం. అరుగు మీద కుప్ప పోస్తుంటే కాశీనాథ్ గడియారం కేసి చూస్తూ నిలబడ్డాడు. చేను గురించి ఆయన ఏం చెప్తాడా అని నేను ఆయన మూతినే చూస్తున్నాను. అరుగు పక్కనే వేసిన మంచంలో ఉన్న లక్ష్మీనర్సయ్య సేటు మంచిగున్న చెయ్యి చాపాడు. నేను ఒక కొమ్ము ఇచ్చాను. మంచం కోడు మీద పెట్టి విరిచాడు. ఇత్తడి గిన్నెకు గోరు తగిలినట్టు మోగింది. లోపల రంగు చూసి కొడుకు వైపు తిరిగాడు.

"గిది ఏ చేనుది?"

"దక్షిణపు అరెకరం," అన్నాడు కాశీనాథ్. "మంగవ్వ చేస్తది. భూమేశ్వర్ అడుగుతున్నడు గద, ఆయన మనిషికి..."

"మంగవ్వదే ఉండనియ్యి. చెయ్యి పెట్టకు," అన్నాడు ముసలాయన, నోరు ఒక పక్కకు వంకర పోతుండగా.

నాకు తెలిసి ఆ ఇంట్లో ఆ ఫ్రెంచి మాటను సరిగ్గా వాడింది ఆయనొక్కడే. హైదరాబాదు కూడా పోలేదు.

కాగులు మళ్లీ ఎవరి పొయ్యి మీదికి వాళ్లవి చేరాయి. ఎంత తోమినా లోపలి పసుపు వదల్లేదు. ఆ వేసవంతా మా వాడ వాడంతా పచ్చటి నీళ్లతో స్నానం చేసి, పెళ్లికూతుళ్లలా తిరిగాం, డెబ్భై ఏళ్ల ముసలమ్మలతో సహా.

మండీ గూట్లో నుంచి గడియారం పోయింది, పెంకులు వచ్చాయి. నీలిపూల ముక్క కూడా. కాశీనాథ్ కొత్త బూట్లు కొన్నాడు, కొత్త సాసర్ తెప్పించాడు. ఆ మాట మానాడనుకుంటున్నారేమో, మానలేదు. మోరీ దగ్గర అన్నాడు, దెబ్బ తగిలినవాడి దగ్గర అన్నాడు, ముసలివాడయ్యేదాకా అంటూనే ఉన్నాడు. పసుపు తవ్వే నెలలో మాత్రం అనేవాడు కాదు. ఆ నెలంతా పొద్దున్నే, ఇంకా మండీ ఊడవకముందే వచ్చి, తన పింగాణి ముక్క ఎన్నోదో వేలితో లెక్కపెట్టుకునేవాడు. ముట్టుకునేవాడు కాదు. తాత చూస్తున్నాడని.